లండను రక్షకదళ నిర్మాత రాబర్ట్ పీల్

లండను వీధులలో గస్తీ తిరిగే కానిస్టేబులుకు జనం పెట్టుకొన్న ముద్దుపేరు బాబీ. రాబర్ట్ అనే పేరును ఇంగ్లీషువారు ఇళ్లలో చనువుగా పిలుచుకొనే తీరు అది. ఒక మంత్రి పేరు ఒక కొలువుకు పేరై దాదాపు రెండు శతాబ్దాలుగా ప్రజల నాలుకలపై నిలిచి ఉండడం అరుదైన విషయం. ఆ మంత్రి సర్ రాబర్ట్ పీల్. ఆయన రెండు పర్యాయాలు బ్రిటన్ ప్రధానమంత్రి పదవిని అధిష్ఠించాడు. కొత్త పన్నులు వేశాడు, పాత చట్టాలను తొలగించాడు, సొంత పక్షాన్ని చీల్చుకొన్నాడు. అయినా సామాన్యుడు ఆయనను తలచుకొనేది పోలీసు టోపీని చూచినప్పుడే. అయితే ఆ పేరు మొదటినుంచీ ముద్దుపేరు కాదు. తొలి రోజులలో అది తిట్టు.

పీల్ 1788 ఫిబ్రవరి 5న ఇంగ్లండు వాయవ్య ప్రాంతంలోని లాంకషైర్‌లో, బరీ పట్టణ పరిసరాలలో జన్మించాడు. తండ్రి పేరు కూడా రాబర్ట్ పీలే. ఆయన అద్దకపు బట్టల వ్యాపారంలో అపారమైన ధనం ఆర్జించిన మిల్లు యజమాని. మన మచిలీపట్నం మొదలైన రేవుల నుండి ఎగుమతి అయిన రంగురంగుల అద్దకపు వస్త్రాలకు ఐరోపాలో ఉన్న గిరాకీని చూచి, వాటిని అనుకరిస్తూ పుట్టిన పరిశ్రమ అది. తండ్రి మిల్లులలో పసిపిల్లలు కూడా పనిచేసేవారు. వారి దుస్థితిని గమనించి 1802లో వారి రక్షణకోసం పార్లమెంటులో తొలి చట్టాన్ని చేయించినవాడూ ఆ తండ్రే. లాభార్జన, పశ్చాత్తాపం ఒకే ఇంటిలో కాపురం చేయడం ఆ తరం మిల్లు యజమానులలో తరచుగా కనిపిస్తుంది.

కొడుకును దేశానికి నాయకుణ్ణి చేయాలని తండ్రి సంకల్పించాడు. పీల్ హారో పాఠశాలలో చదివాడు. తరువాతి కాలంలో మహాకవిగా ప్రసిద్ధి చెందిన బైరన్ అక్కడ ఆయనకు సహాధ్యాయి. ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చి కళాశాలలో చేరి 1808లో ప్రాచీన భాషలలోనూ, గణితంలోనూ ప్రథమశ్రేణి సాధించాడు. మరుసటి సంవత్సరమే, ఇరవై ఒకటవ ఏట, ఐర్లండులోని కాషెల్ అనే చిన్న నియోజకవర్గం నుండి పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఆ స్థానానికి ఓటర్లు కొద్దిమందే. వారి మద్దతును సమకూర్చినది తండ్రిగారి ధనమే. ఆనాటి ఎన్నికల పద్ధతి అటువంటిది.

1812లో పీల్ ఐర్లండు వ్యవహారాల ముఖ్య కార్యదర్శిగా డబ్లిన్ నగరానికి వెళ్లాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై నాలుగేళ్లు. ఆ దేశంలో ప్రజలలో అత్యధికులు కేథలిక్కులు, పాలించేవారూ భూస్వాములూ ప్రొటెస్టెంట్లు. కేథలిక్కులకు పార్లమెంటులో కూర్చునే హక్కు లేదు. ఆ హక్కును ఇవ్వరాదని పీల్ గట్టిగా వాదించాడు. అందుచేత ఐరిష్ నాయకుడు డేనియల్ ఓకానెల్ ఆయనకు నారింజ తొక్క అని పేరు పెట్టాడు. పీల్ అనే మాటకు ఇంగ్లీషులో తొక్క అని అర్థం. నారింజ రంగు ప్రొటెస్టెంటు పక్షానికి గుర్తు. శ్లేషకు ఇంతకన్నా మంచి ఉదాహరణ రాజకీయాలలో దొరకడం కష్టం. ఇద్దరి నడుమ వైరం 1815లో ద్వంద్వయుద్ధం దాకా వచ్చి, అధికారుల జోక్యంతో ఆగిపోయింది.

కౌలు భారంతో, దశాంశపు పన్నుతో నలిగిన ఐరిష్ రైతులు రాత్రివేళలలో గుంపులుగా బయలుదేరి భూస్వాముల ఆస్తులపై దాడులు చేసేవారు. వాటిని అణచడానికి పీల్ 1814లో శాంతిపరిరక్షణ దళం అనే పేరుతో ఒక సాయుధ బలగాన్ని నెలకొల్పాడు. అలజడి చెలరేగిన ప్రాంతానికి ఆ దళం వెళ్లేది. దాని ఖర్చును ఆ ప్రాంతంవారి నుండే వసూలు చేసేవారు. గ్రామస్థులు ఆ భటులను పీలర్లు అని పిలిచారు. ఆ పిలుపులో ప్రేమ లేదు. పీల్ పేరు పోలీసుకు అంటుకొన్నది మొదట ఇక్కడే. పోలీసు అంటే ప్రభుత్వం తరఫున తుపాకి పట్టి ప్రజలను అదుపులో ఉంచేవాడు అన్న రూపం ఆ దళంతో స్థిరపడింది. ఇదే వ్యక్తి పదిహేనేళ్లకు లండనులో దీనికి పూర్తిగా భిన్నమైన దళాన్ని నిర్మించాడు. ఆయన జీవితంలో విద్యార్థులు ప్రధానంగా గమనించవలసిన అంశం ఇది.

1818లో ఆయన ఐర్లండు పదవిని విడిచాడు. 1820లో జూలియా ఫ్లాయిడ్‌ను వివాహమాడాడు. ఆమె తండ్రి జనరల్ ఫ్లాయిడ్ దక్షిణ భారతదేశంలో టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాలలో అశ్వదళాన్ని నడిపినవాడు. 1822లో పీల్ హోం శాఖ మంత్రి అయ్యాడు.

ఆనాటి ఇంగ్లండు శిక్షాస్మృతి భయంకరమైనది. రెండువందలకు పైగా నేరాలకు మరణదండన ఉండేది. ఒక ఇంటిలో నలభై షిల్లింగుల విలువైన సొత్తును దొంగిలించినా ఉరిశిక్షే. ఇంత కఠినమైన శాసనం ఉన్నా దొంగతనాలు తగ్గలేదు. పైగా వింత పరిణామం ఒకటి సంభవించింది. చిన్న దొంగను ఉరికంబం ఎక్కించడానికి మనసొప్పని జూరీ సభ్యులు, ఎంత సొత్తు పోయినా దాని విలువ ముప్పైతొమ్మిది షిల్లింగులేనని తీర్మానించేవారు. శాసనం మితిమీరిన క్రౌర్యం వహించినప్పుడు న్యాయస్థానమే దానిని తప్పించుకొనే దారులు వెదుకుతుందనడానికి ఇది నిదర్శనం. రోమిలీ, మెకింటాష్ వంటి సంస్కర్తలు అంతకుముందే దీనిపై పోరాడి ఉన్నారు. పీల్ ఆ పనిని అందుకొని, చిక్కుపడిపోయిన వందలాది పాత శాసనాలను క్రోడీకరించి, పలు నేరాలకు మరణశిక్షను తొలగించాడు. కారాగారాల నిర్వహణకు 1823లో చట్టం చేశాడు. అయితే ఆయన చేతిని కరుణాహస్తమని వర్ణించడం అతిశయోక్తి అవుతుంది. ఫోర్జరీ వంటి నేరాలకు ఉరిని ఉంచవలసిందేనని ఆయన పట్టుపట్టాడు. కఠినశిక్ష కంటే తప్పక పట్టుబడతానన్న భయమే నేరస్థుణ్ణి వెనక్కు లాగుతుందన్న ఆలోచన అప్పటికే ఐరోపాలో వ్యాపించి ఉంది. ఉరిని తగ్గించాలంటే కాపలాను పెంచాలి. పీల్ దృష్టి అందుచేత పోలీసు వ్యవస్థ వైపు మళ్లింది.

లండను జనాభా 1821 నాటికే పదమూడు లక్షలు దాటింది. అంత నగరానికి కాపలా ఎవరంటే, పేటపేటకూ వేరువేరుగా నియమితులైన వృద్ధ పహరావాళ్లు. మన గ్రామాలలోని తలారులకు ఊరి ప్రతి గడపా తెలుసు, అందువల్ల వారి పని సాగేది. లక్షల జనం, నిత్యం వచ్చిపోయే కొత్తముఖాలు ఉన్న నగరంలో ఆ పద్ధతి ఎంతమాత్రం చాలదు. ఒక పేట హద్దు దాటితే దొంగ మరొక పేట కావలివానికి సంబంధించని మనిషి. నవలాకారుడు హెన్రీ ఫీల్డింగ్ న్యాయాధికారిగా ఉన్న కాలంలో, 1749లో బో వీధి న్యాయస్థానంలో నెలకొల్పిన చిన్న బృందం దొంగలను పట్టడంలో పేరు తెచ్చుకొన్నది. థేమ్స్ నది రేవులకు 1798 నుండి వేరొక కాపలా ఉండేది. అంతకుమించి ఏమీ లేదు. అల్లర్లు చెలరేగితే సైన్యాన్ని పిలవడమే శరణ్యం. 1819 ఆగస్టు 16న మాంచెస్టరులో ఓటు హక్కు కోరుతూ సమావేశమైన వేలాది నిరాయుధ ప్రజలపైకి గుర్రపు రౌతులు కత్తులతో దూకగా అనేకులు మరణించారు, వందలమంది గాయపడ్డారు. పీటర్లూ దురంతంగా చరిత్రలో నిలిచిన ఆ ఘటన సైన్యంతో శాంతిభద్రతలను కాపాడడం ఎంత ప్రమాదకరమో చూపింది.

అయినా పోలీసు దళం కావాలని ఇంగ్లండు ప్రజలు అడగలేదు, సరికదా వద్దన్నారు. ఫ్రాన్సులో పోలీసు అంటే ప్రభుత్వ గూఢచారి. ఇంటిలో ఏమి మాట్లాడుకొన్నారో కూడా పాలకునికి చేరవేసే అటువంటి వ్యవస్థ వస్తే, తరతరాలుగా తాము సంపాదించుకొన్న స్వేచ్ఛ నశిస్తుందని ధనికులు, పేదలు ఏకకంఠంతో భావించారు. 1822లో పీల్ స్వయంగా అధ్యక్షత వహించిన పార్లమెంటు సంఘం కూడా, స్వేచ్ఛాయుత సమాజానికీ సమర్థమైన పోలీసు వ్యవస్థకూ పొత్తు కుదరదని తేల్చింది. ఆ భయాన్ని కేవలం మూర్ఖత్వంగా తీసిపారవేయరాదు. రాజ్యానికి దండాధికారం ఇస్తే అది ఎవరిపై పడుతుందన్న సందేహం ఆరోగ్యకరమైనది.

పీల్ ఓపిక పట్టాడు. 1828లో మరల హోం మంత్రి అయినప్పుడు మరొక సంఘాన్ని వేయించి అనుకూలమైన నివేదికను సంపాదించాడు. ప్రతిఘటన బలంగా ఉండే లండను పాతనగరాన్ని బిల్లు పరిధి నుండి తప్పించాడు. ఫలితంగా 1829 జూన్ 19న మహానగర పోలీసు చట్టం రాజముద్ర పొందింది. దళాన్ని నడపడానికి ఇద్దరు అధిపతులను ఎంపికచేశాడు. ఒకరు వాటర్లూ యుద్ధంలో పోరాడిన కర్నల్ చార్లెస్ రోవన్, రెండవవారు న్యాయవాది రిచర్డ్ మేన్. ఇద్దరూ ఐర్లండులో పుట్టినవారే. సైనికుని క్రమశిక్షణ, న్యాయవాది సంయమనం కలవాలన్నది పీల్ ఆలోచన. వైట్‌హాల్ ప్లేసులో నాలుగవ నంబరు ఇల్లు వారి కార్యాలయం. దాని వెనుక ద్వారం గ్రేట్ స్కాట్లండ్ యార్డు అనే వీధిలోకి తెరుచుకొనేది. స్కాట్లండ్ యార్డు అనే లోకప్రసిద్ధమైన పేరు ఆ పెరటి వాకిలి ప్రసాదమే.

ప్రజల అనుమానాన్ని తొలగించడానికి పీల్, ఆయన సహచరులు ప్రతి చిన్న విషయాన్నీ ఆలోచించారు. సైన్యానిది ఎర్రకోటు కనుక పోలీసుకు నీలికోటు ఇచ్చారు. సైనికుని శిరస్త్రాణానికి బదులు నలుగురూ ధరించే పొడవాటి టోపీ పెట్టారు. ఆయుధంగా ఒక కొయ్యలాఠీ, అదీ కోటు వెనుక జేబులో కనబడకుండా ఉండాలి. సహాయం కోసం పిలవడానికి చేతిలో ఒక గిరగిర తిప్పే గిలక. తుపాకి లేదు, కత్తి లేదు. గూఢచారి కాడని తెలియడానికి యూనిఫారం, గుర్తు పట్టి ఫిర్యాదు చేయడానికి వీలుగా కాలరుపై నంబరు. సిఫారసు ఉత్తరాలతో వచ్చిన పెద్దింటి బిడ్డలకు అధికారి పదవులు కట్టబెట్టడానికి పీల్ నిరాకరించాడు. కానిస్టేబులుగా చేరినవాడే పై మెట్లు ఎక్కాలి. జీతం రోజుకు మూడు షిల్లింగులు. పార్లమెంటు ఎన్నికలలో ఓటు వేసే హక్కు కూడా వారికి లేదు, ఆ హక్కు 1887లో గాని లభించలేదు.

1829 సెప్టెంబరు 29 సాయంకాలం తొలి దళం వీధులలోకి వచ్చింది. వారికి ఇచ్చిన నియమావళిలో మొదటి మాట నేరనివారణ. నేరస్థులను ఎందరిని పట్టుకొన్నారన్నది కాక, నేరాలు ఎంతగా లేకుండా పోయాయన్నదే పనితీరుకు కొలమానమని అందులో నిర్దేశించారు. దీనిని వ్రాసినవారు ప్రధానంగా రోవన్, మేన్‌లు. పోలీసులే ప్రజలు, ప్రజలే పోలీసులు అన్న భావంతో పీల్ తొమ్మిది సూత్రాలు చెప్పాడని నేడు అనేక దేశాల శిక్షణాలయాలలో బోధిస్తారు. ఆ తొమ్మిదీ ఆ రూపంలో పీల్ కలం నుండి వెలువడినవి కావు. ఇరవయ్యవ శతాబ్దిలో చార్లెస్ రీత్ అనే చరిత్రకారుడు పాత నియమావళి సారాన్ని అలా కూర్చాడు. మన చాటుపద్యాలలో ఎవరు చెప్పినది ఎవరి పేరుమీద చలామణి అవుతుందో తెలిసిన తెలుగువారికి ఇది ఆశ్చర్యం కలిగించదు.

నియమావళి ఎంత ఉన్నతమైనదైనా, దానిని ఆచరించవలసినవారు మామూలు మనుషులు. దళంలో ఒకటవ నంబరు పొందిన కానిస్టేబులే తప్పతాగి మొదటిరోజే కొలువు పోగొట్టుకొన్నాడు. తొలి కొన్నేళ్లలో ఉద్వాసనకు గురైనవారి సంఖ్య వేలల్లో ఉంది. వారిలో చాలామంది నేరం తాగుడే. జనం పీల్ ముఠా అని, నీలి రాక్షసులని తిట్టేవారు. ఈ ద్వేషం ఎంతదాకా వెళ్లిందో 1833 మే 13న లోకానికి తెలిసింది. లండనులోని కోల్డ్‌బాత్ ఫీల్డ్స్ మైదానంలో కార్మికసంఘం వారు నిర్వహించిన సభను పోలీసులు లాఠీలతో చెదరగొట్టారు. ఆ తొక్కిసలాటలో రాబర్ట్ కల్లీ అనే యువ కానిస్టేబులు కత్తిపోటుకు బలి అయ్యాడు. అతని భార్య అప్పుడు గర్భవతి. మరణకారణాన్ని విచారించిన జూరీలో ఉన్నవారు చిన్నచిన్న వ్యాపారులు. సభను చెదరగొట్టే ముందు చట్టప్రకారం హెచ్చరిక చదవలేదని, పోలీసులే దౌర్జన్యానికి దిగారని వారు నిర్ణయించి, ఆ హత్య న్యాయసమ్మతమైనదని తీర్పు చెప్పారు. పై న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. నగరం మాత్రం ఆ జూరీ సభ్యులను వీరులుగా సత్కరించింది, వారికి పతకాలు బహూకరించింది.

చనిపోయినవాడు కూలిడబ్బులకు పనిచేసే పేదవాడు. తీర్పు చెప్పినవారు దుర్మార్గులు కారు. ఈ రెంటినీ కలిపి ఆలోచిస్తే ప్రజల సమ్మతి లేని పోలీసుకు ఏ గతి పడుతుందో బోధపడుతుంది. ఆ సంవత్సరమే పోపే అనే పోలీసు సార్జెంటు మారువేషంతో కార్మికసంఘంలో చేరి, వారిని రెచ్చగొట్టినట్లు బయటపడింది. పార్లమెంటు సంఘం అతనిని తీవ్రంగా అభిశంసించింది, కొలువు నుండి తొలగించారు. గూఢచారి భయం నిరాధారం కాదని రుజువైంది. తప్పుచేసిన పోలీసును ప్రతినిధుల సభ విచారించి శిక్షింపజేయగలదని కూడా ప్రజలు కళ్లారా చూశారు. నేరపరిశోధకుల చిన్న విభాగం 1842 దాకా ఏర్పడకపోవడానికి ఇటువంటి జంకే కారణం. ఏళ్ల తరబడి లాఠీని జేబులోనే ఉంచుకొని, దారితప్పిన పిల్లలను ఇళ్లకు చేరుస్తూ, తిట్లు భరిస్తూ తిరిగిన అనామక కానిస్టేబులు మూలంగా జనం మనసు నెమ్మదిగా మారింది. 1856 నాటికి ప్రతి జిల్లాలోనూ పోలీసు దళం ఉండాలని చట్టం వచ్చింది.

1829వ సంవత్సరం పీల్ జీవితంలో మరొక మలుపు. ఇరవై ఏళ్లుగా తాను వ్యతిరేకించిన కేథలిక్కుల హక్కుల బిల్లును ఆ ఏడాది ఆయనే సభలో ప్రవేశపెట్టాడు. ఐర్లండులో అంతర్యుద్ధం తప్పాలంటే వేరు దారి లేదని గ్రహించాడు. తనను నమ్మి ఎన్నుకొన్న ఆక్స్‌ఫర్డు స్థానానికి రాజీనామా ఇచ్చి తిరిగి పోటీచేస్తే ఓటర్లు ఓడించారు. మిత్రులు ద్రోహి అన్నారు.

1834-35లో కొద్దినెలలు, తిరిగి 1841 నుండి 1846 వరకు ఆయన ప్రధానిగా పనిచేశాడు. యుద్ధం లేని కాలంలో ఆదాయపు పన్నును 1842లో విధించాడు. 1843లో మెక్‌నాటెన్ అనే మతి చలించిన వ్యక్తి, పీల్ అనుకొని ఆయన ఆంతరంగిక కార్యదర్శి డ్రమ్మండ్‌ను తుపాకితో కాల్చాడు. మతిస్థిమితం లేనివాని నేరబాధ్యతను గూర్చి న్యాయమూర్తులు అప్పుడు చెప్పిన నియమాలే మన భారత శిక్షాస్మృతిలోని 84వ సెక్షనుకు ఆధారమయ్యాయి, 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయసంహితలో అవి 22వ సెక్షనుగా నిలిచాయి.

1845లో ఐర్లండులో బంగాళాదుంప పైరు తెగులు సోకి కుళ్లిపోయింది. పేదలకు అదే ఆహారం. పీల్ అమెరికా నుండి మొక్కజొన్నలు తెప్పించాడు. విదేశీ ధాన్యంపై సుంకం విధించి భూస్వాములకు లాభం చేకూర్చే చట్టాన్ని రద్దుచేయాలని నిశ్చయించాడు. సొంత పక్షంలో మూడింట రెండువంతుల మంది ఎదురుతిరిగినా, ప్రతిపక్షం ఓట్లతో 1846లో నెగ్గాడు. ప్రభువుల సభ ఆ బిల్లును ఆమోదించిన రాత్రే, ఐర్లండులో శాంతిభద్రతలకోసం ఆయన తెచ్చిన మరొక బిల్లు కామన్స్ సభలో ఓడిపోయింది. ఆయన పదవి పోయింది. క్షామం మాత్రం ఆయన తరువాతనే మరింత ఉధృతమై లక్షలమందిని కబళించింది.

1850 జూన్ 29న లండనులో స్వారీచేస్తుండగా గుర్రం ఆయనను పడవేసి, తానూ ఆయనపై తూలిపడింది. మూడు రోజులు యాతన అనుభవించి జూలై 2న పీల్ కన్నుమూశాడు. ఆ మూడు రోజులూ ఆయన ఇంటి ముందు సామాన్యజనం గుమిగూడి నిలబడ్డారు. పనివాళ్లు పెన్నీ పెన్నీ కూడబెట్టి స్మారకనిధికి ఇచ్చారు. ఆయన కోరిక మేరకు వెస్ట్‌మినిస్టర్ ఆబీలో కాక స్వగ్రామంలోని చిన్న చర్చిలో సమాధి చేశారు. రాణి ఇవ్వజూపిన ప్రభుబిరుదాన్ని భార్య జూలియా స్వీకరించలేదు.

పీల్ పెంచిన రెండు మొక్కలలో మనదేశానికి వచ్చినది లండనుది కాదు, ఐర్లండుది. 1843లో సింధును ఆక్రమించిన నేపియర్ ఐరిష్ సాయుధదళం నమూనాతో అక్కడ పోలీసును ఏర్పరచాడు. కోస్తాంధ్ర, రాయలసీమలు భాగంగా ఉన్న మద్రాసు రాజధానిలో పన్నుల వసూలుకు రైతులను హింసిస్తున్నారని 1855లో ఒక విచారణ సంఘం నిర్ధారించింది. దాని పర్యవసానంగా 1859లో మద్రాసు పోలీసు చట్టం, రెండేళ్లకు దేశమంతటికీ 1861 నాటి పోలీసు చట్టం వచ్చాయి. ఆ దళాలు జవాబు చెప్పవలసినది ప్రజలకు కాదు, పాలకులకు.

బ్రిటన్‌లో సైతం సమ్మతి ఒకసారి సంపాదిస్తే శాశ్వతంగా నిలిచేది కాలేదు. 1981లో లండనులోని బ్రిక్స్‌టన్‌లో నల్లజాతి యువకులకూ పోలీసులకూ మధ్య పెద్ద ఘర్షణలు జరిగాయి. 1993లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి విద్యార్థి హత్యను పోలీసులు సరిగా పరిశోధించలేదు. ఆ శాఖలో వ్యవస్థాగతమైన జాతివివక్ష ఉందని 1999లో మెక్‌ఫర్సన్ నివేదిక తేల్చింది. నేటికీ ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండులలో మామూలు గస్తీ కానిస్టేబులు తుపాకి ధరించడు, ఉత్తర ఐర్లండులో ధరిస్తాడు. 2021లో లండను దళానికి చెందిన ఒక పోలీసే అరెస్టు నెపంతో ఒక యువతిని అపహరించి హత్యచేశాడు. తదనంతరం ఆ దళం ప్రవర్తనను పరిశీలించిన లూయీజ్ కేసీ 2023 మార్చిలో ఇచ్చిన నివేదిక, పీల్ నాటి ప్రజాసమ్మతి సూత్రం నుండి దళం దూరంగా కొట్టుకుపోయిందని నిర్ణయించింది. తగిన మార్పు రాకపోతే దళాన్ని విడగొట్టే ఆలోచన కూడా చేయాలని అందులో సూచించింది.